దిగుడుబావి గోడలో నెమలాకు

మా పక్కింటివాళ్ళు మేడ మీద ఇంకో గది వేసుకుంటున్నారు. హిందూపురంలో మా వీధిలో ఎవరో ఒకరు ఎప్పుడూ ఏదో ఒకటి కడుతూనే ఉంటారు కాబట్టి ఆ చప్పుళ్ళు నాకు అలవాటైపోయాయి. కానీ పొద్దున పదిగంటలప్పుడు మేస్త్రీ పైపు పట్టుకుని ఇటుకల కుప్పను తడుపుతుంటే మాత్రం చేస్తున్న పని చేతిలోనే ఆగిపోతుంది. ఎండకు కాగిన ఇటుక మొదటి నీళ్ళను చుయ్యిమని పీల్చుకుంటుంది. ఆ తర్వాత ఒక వాసన లేస్తుంది. తొలకరి మట్టివాసనకు చుట్టమే గానీ దానికున్నంత ఆర్భాటం ఉండదు. కొంచెం చల్లగా, కొంచెం పాతగా ఉంటుంది. కిటికీ దగ్గర కళ్ళు మూసుకుని నిలబడతాను. "మల్లా పోయినావా పెనుకొండకు?" అంటాడు మా ఆయన. పోయినట్టే మరి. గోనెపట్టాల నీడ, చెమర్చే మట్టికుండ, వరసగా పేర్చిన సగం ఇటుకలు, వాటి ముందు గొంతుక్కూర్చున్న హనుమక్క. ఒక్క మాట లేకుండా ఆమె అరగంటసేపు ఒక ఇటుకను చూస్తూ ఉండగలిగేది. ఇటుకలో ఏముందని అంతసేపు చూస్తుందో తెలియక ఆ రోజుల్లో నాకు ఒళ్ళు మండేది.

పెనుకొండ నుంచి ఎర్రమంచి వైపు పోయే దోవలో హనుమక్కకు ఒక నర్సరీ ఉండేది. కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఆ చుట్టుపక్కల కొత్త ఆఫీసులు, గేట్లు, కాంపౌండు గోడలు మొలుచుకొచ్చాయి. వాటన్నింటికీ పచ్చగడ్డీ ఈతచెట్లలాంటి అలంకారపు చెట్లూ కావాలి. హనుమక్క అవి పెంచి అమ్మేది. నేను ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. బీకాం చదివి, చీరల షాపులో కూర్చోవడం ఇష్టంలేక, సూపర్‌వైజరు కావాలన్నారని ఆ నర్సరీలో చేరాను. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు, కాలు ఒకచోట నిలిచేది కాదు. ఆమెకు యాభై దాటింది. గొర్రెలు కాసిన కుటుంబం, చదివింది మూడో తరగతి. మొదటి రోజే నన్ను ఎగాదిగా చూసి, "ఏం పాప, నువ్వు నడిస్తే కుండీలు కదులుతాండాయి. చెట్లు భయపడతాయి, కొంచెం మెల్లగ నడు" అంది. నాకు కోపం వచ్చింది. నా నడకను మా నాయన కూడా ఎప్పుడూ ఏమీ అనలేదు.

అమ్మకానికి పెట్టే మొక్కలన్నీ ముందు వైపు. వెనక, గోనెపట్టాలు కట్టిన చిన్న పందిరి కింద మాత్రం అమ్మని మొక్క ఒకదాన్ని మొలిపించాలని ఆమె చూస్తూ ఉండేది. పుస్తకాల్లో దాన్ని మయూరశిఖి అంటారు. హనుమక్క నెమలాకు అనేది. తాటాకును వేలెడంత చేసి సన్నటి కాడ చివర నిలబెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పువ్వు లేదు, కాయ లేదు, విత్తనం లేదు. రాతి సందుల్లో, పాత గోడల పగుళ్ళలో, కాస్త నీడా కాస్త చెమ్మా దొరికితే చాలు దానికి. ఆమె చిన్నతనంలో పెనుకొండ గుట్ట నిండా అది ఉండేదట. తర్వాత మూలికల బేరగాళ్ళు వచ్చి మూటలకు మూటలు పీకించుకుపోయారు, రాళ్ళు కొట్టేవాళ్ళు వచ్చి రాళ్ళే పట్టుకుపోయారు. చివరికి గుట్ట కింద ఒక చిన్న ఊరి దిగుడుబావి గోడలో మాత్రం మిగిలింది. అది మళ్ళీ తన తావుల్లో తాను బతకాలని హనుమక్క కోరిక. ఇంకో కోరిక ఆమె నోటి నుంచి నేను వినలేదు.

చేరిన ఏడాది వానాకాలంలో నన్ను ఆ బావికి తీసుకుపోయింది. ముందురోజు రాత్రంతా ముసురు. బావి మెట్ల మీద సన్నటి పొగలాంటి మంచు, అడుగున ఆకుపచ్చ నీళ్ళు, ఆ నీళ్ళ మీద నుంచి లేచిన వెలుతురు గోడల మీద కదులుతోంది. ఎండ పడని దక్షిణపు గోడకు నెమలాకులు. వారం కిందట అదే గోడను చూసినవాళ్ళకు బూడిదరంగు పీచు ముద్దలు తప్ప ఏమీ కనిపించి ఉండవు. ఎండాకాలమంతా అది ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటుంది. ఒక వాన పడితే పూటలోపల చెయ్యి విప్పినట్టు విప్పుకుంటుంది. మెట్టు మీద కూర్చుని హనుమక్క, "మా అవ్వ నన్ను ఈడనే కూర్చోబెట్టి గొర్రెలకు నీళ్ళు తాపేది. నేను పుట్టకముందు నుంచీ ఇది ఉండాది. నేను పోయినంక కూడా ఉండాల" అంది. నేను సెల్‌ఫోనులో ఒక ఫోటో తీసుకుని, "పోదామా అక్కా, లోడు దించేవాళ్ళు వస్తారు" అన్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. అంత అందం ఎదురుగా ఉంటే నాకు లారీ గుర్తొచ్చింది.

ఆ తర్వాతి ఎండాకాలంలో ఊరివాళ్ళు బావిని బాగుచేయాలని పూనుకున్నారు. మంచి పనే. పూడిక తీశారు, ముళ్ళకంప కొట్టారు, విరిగిన మెట్లు సరిచేశారు. ఎవరో చెబితే మేము పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి మూడు గోడల సందులన్నీ సిమెంటుతో నున్నగా పూడ్చేసి ఉన్నాయి. దక్షిణపు గోడ ఒక్కటే మిగిలింది. దానికి కూడా ఇనుప గీకుడుతో పైనుంచి కిందిదాకా గీకి పెట్టారు, మరుసటి రోజు సిమెంటు వేయడానికి. గోడ తోమిన గిన్నెలా ఉంది. పని చూస్తున్న పెద్దమనిషి ఆదెప్ప సంతోషంగా ఎదురొచ్చి, "ఎట్లుండాది అక్కా, కొత్త బావి మాదిరి కాలే?" అన్నాడు. హనుమక్క చెత్త ఎక్కడ పోశారని మాత్రం అడిగింది.

ఆ చెత్తకుప్ప దగ్గర ఇద్దరం సాయంత్రందాకా కూర్చున్నాం. మట్టిలో, సున్నపు పెళ్ళల్లో వెతికి వెతికి ముడుచుకున్న ఆకులు ఏరాం. వేర్లు తెగిపోయిన వాటిని పెట్టినా బతకవు. కానీ ఆకు వెనకవైపు అంచుల్లో గోధుమరంగు పొడి ఉంటుంది. విత్తనాలు లేని ఆ మొక్కకు వంశం నిలబెట్టేది ఆ పొడే. కొంగులో వేసుకున్న ఆకుల నుంచి రాలిన పొడిని హనుమక్క కాగితంలోకి దులిపి, మందు పొట్లంలా మడిచి జాకెట్టులో పెట్టుకుంది. తర్వాత లేచి ఆదెప్ప దగ్గరికి పోయి, మిగిలిన గోడకు సిమెంటు వద్దు, పాతకాలంలో మాదిరి సున్నమూ ఇసుకా ఇటుకపొడీ కలిపి వేయండి, అక్కడక్కడా వేలు పట్టేంత సందులు వదలండి అంది.

"సందులు వదిల్తే పాములు చేరతాయి గదక్కా" అన్నాడు ఆదెప్ప.

"పాములకు నీ బావే దొరికిందా అబ్బా? ఊరంతా ఉండాది వాటికి. నీ ఇంటి సూరులో ఎన్ని ఉండాయో చూసినావా?"

మేస్త్రీ నవ్వాడు. ఆదెప్పకు నవ్వాలో వద్దో తెలియలేదు. చివరికి, "ఒక్క గోడే గదా, నీ ఇష్టం. మల్ల ఆడ ఏమన్నా మొలిపించి చూపిస్తేనే మాట" అన్నాడు. "చూపిస్తా" అంది హనుమక్క. అంత తేలిగ్గా ఆమె ఎవరికీ మాటివ్వగా నేను చూడలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో చెప్పింది, "మనం మొక్క పెట్టి అది బతికితే సాలదు పాప. దాని పిల్ల దానంతటది, మనం పెట్టని సందులో మొలవాల. అప్పుడే అది ఊరికొచ్చినట్టు లెక్క."

పొడి చల్లడం చూస్తే ఏముంది ఇందులో అనిపిస్తుంది. సగం ఇటుకలను ఉడకబెట్టి, చల్లార్చి, పళ్ళెంలో నీళ్ళు పోసి నిలబెట్టేది. పైన పొడిని ఊపిరి బిగబట్టి చల్లేది. గాజు బుడ్డీ బోర్లించేది. అంతే. ఇక వారాలకు వారాలు ఏమీ కనిపించదు. రోజూ పొద్దున వచ్చి వాటి ముందు కూర్చునేది. ఆ వెనక పందిట్లో కాలం వేరుగా నడిచేది. ముందువైపు లారీలు, ఫోన్లు, బేరాలు. వెనక నీడ, కుండ నుంచి దిగే బొట్టు, గాజు లోపల పట్టిన చెమ్మ. ఏమైనా కనిపించిందా అని నేనడిగితే, "నువ్వు అడిగేకొద్దీ దానికి ఆలస్యం అవుతాది" అనేది.

నాలుగో నెలలో ఆమె బంధువుల పెళ్ళికి అగళి పోయింది, మూడు రోజులు. అదే సమయానికి ఒక పెద్ద కంపెనీ తోట పని మాకిచ్చే మనుషులు నర్సరీ చూడటానికి వస్తామన్నారు. నేను పని మొదలుపెట్టాను. మగ్గాల ఇంట్లో పెరిగినవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. పట్టు మీద మరక పడితే నెలరోజుల కష్టం పోతుంది కాబట్టి పుట్టినప్పటి నుంచీ చేతులు కడుక్కో, కాళ్ళు కడుక్కో, ఆ తడి తుడువు, ఈ మూల ఊడువు అనే మాటల మధ్యే పెరుగుతాం. మా అమ్మ కంటికి ఎక్కడ పచ్చగా కనిపించినా కొబ్బరిపీచు పట్టుకునేది. నేను ముందంతా శుభ్రం చేసి వెనక పందిట్లోకి వెళ్ళాను. ఇటుకలన్నింటి మీదా పాచి పట్టి ఉంది. పాపం అక్క చూసుకోలేదు, పొడి ఎప్పుడో ఇటుక లోపలికి ఇంకి ఉంటుంది, పైన పట్టిన పాచిని నేను చక్కబెడతాననుకున్నాను. బ్లీచింగు నీళ్ళు కలిపి, పీచుతో ఒక్కొక్కటీ గరగర తోమి, ఎండలో ఆరబెట్టాను. గాజు బుడ్డీలు కూడా తళతళలాడేలా కడిగాను. చేసినందుకు నాకెంత గర్వంగా ఉందంటే, వాటికి ఫోటో కూడా తీశాను.

ఆమె వచ్చిన రోజు నేనే చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకుపోయాను. ఆరబెట్టిన ఇటుకల ముందు హనుమక్క చాలాసేపు నిలబడింది. తర్వాత మెల్లగా కింద కూర్చుంది.

"అన్నీ కడిగితివా?"

"అన్నీ కడిగినాక్కా. ఎంత పాచి పట్టిందో."

"అది పాచి కాదు పాప" అంది. గొంతు పెరగలేదు. "పొడి నుంచి మొదట అదే వస్తాది. పచ్చగా, పొరమాదిరి. కొన్ని నెల్లకు దాన్లోనుంచి ఆకు లేస్తాది. పిల్లకు ముందు పిల్ల అది."

చెత్తకుప్పలో ఏరిన పొడి అంతా ఆ ఇటుకల మీదే ఉందని నాకు తెలుసు. బావి గోడలో ఇక ఒక్క మొక్క లేదని తెలుసు. కొట్టినా బాగుండేది, పనిలోనుంచి తీసేసినా బాగుండేది. ఆమె నా వైపు చూడకుండా ఒక్కో ఇటుకనూ చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. నేను ఏడుస్తుంటే, "శానా తెల్లగ వచ్చినాయిలే. మీయమ్మ చూస్తే సంతోషపడతాది" అంది. అప్పుడు నాకు ఇంకా ఎక్కువ ఏడుపు వచ్చింది. ఏడుపు అయ్యేదాకా కూర్చుని, లేచి, కుండ కింద చెయ్యి పెట్టింది. కుండ ఒరిగిపోకుండా ఒక సగం ఇటుకను అడుగున ఆనించి ఉంచాం. కుండను కదిలించడం బరువని నేను దాన్ని వదిలేశాను. పొడి చల్లిన రోజు గాలికి కొంత దాని మీద కూడా పడిందేమో, దాని ఒక పక్కన అరచేయంత మేర పచ్చటి పొర ఉంది. నా జీవితంలో నా బద్ధకం వల్ల జరిగిన మేలు అదొక్కటే.

ఆ ఇటుకను చూసే పని నాకే అప్పజెప్పింది. చెడగొట్టిన మనిషికి మళ్ళీ అదే పని ఎవరైనా ఇస్తారా? ఇచ్చింది. "రోజూ పది నిమిషాలు దాని ముందు కూర్చో. చెయ్యి పెట్టొద్దు. ఊరికే కూర్చో" అంది. మొదటి వారం ఆ పది నిమిషాలు నాకు జైలు. ఫోను పట్టుకునేదాన్ని, ఆమె దగ్గేది; పెట్టేసేదాన్ని. తర్వాత ఎప్పుడో తెలియదు, ఆ నీడలో కూర్చోవడం కోసం పొద్దున్నే రావడం మొదలుపెట్టాను. పచ్చటి పొర అంచుల్లో ముడతలు పడింది. ఒక రోజు గుండుసూది తలంత చుట్ట ఒకటి లేచింది. ఇంకో వారానికి అది విప్పుకుని, గోరు మీద పట్టేంత విసనకర్ర అయింది. నేను అరవలేదు, ఫోటో తీయలేదు. హనుమక్క వచ్చి నా పక్కన కూర్చుంది.

మొత్తం పదకొండు మొక్కలు దక్కాయి. వానలు పడ్డాక వాటిని ఇటుకపొడి, సున్నం కలిసిన మట్టిముద్దలతో సహా దక్షిణపు గోడ సందుల్లో కూర్చోబెట్టాం. ఎండాకాలం రాగానే అన్నీ బూడిదరంగుకు తిరిగి ముడుచుకున్నాయి. "సచ్చిపోయినాయి గదక్కా" అన్నాడు ఆదెప్ప, నిజంగా బాధపడుతూ. నేను నీళ్ళు పోస్తానన్నాను. హనుమక్క ఒప్పుకోలేదు. "నిద్రపోతాండాది. నువ్వు లేపితే మల్ల ఎండను తట్టుకోలేదు. వానే లేపనీ" అంది. వానే లేపింది, ఏడింటిని. ఊళ్ళో ఆడవాళ్ళు కూడా వచ్చి చూశారు. హనుమక్క మాత్రం గోడ మొత్తం కలియచూసి, "ఇవి మనం పెట్టినవే. పిల్ల లేదు ఇంకా" అంది.

ఆ ఏడాదే ఆమెకు ఆయాసం మొదలైంది. హిందూపురంలో కూతురి ఇంటికి మార్చారు. నర్సరీ చూసుకుంటూనే నేను వారానికోసారి వెళ్ళేదాన్ని. వెళ్ళిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న, "మొలిచిందా?" లేదక్కా అనేదాన్ని. చలికాలం వచ్చేసరికి బాగా చిక్కిపోయింది, నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకునేది. ఒక మధ్యాహ్నం అదే ప్రశ్న అడిగింది. ఆ ముఖం చూసి నాకు లేదనడానికి నోరు రాలేదు.

"మొలిచిందక్కా" అన్నాను.

ఆమె కళ్ళు ఒక్కసారి వెలిగాయి. "యాడ?"

మనం పెట్టని చోట కావాలి కదా అని తొందరలో ఉత్తరపు గోడ అన్నాను, మూడో మెట్టు పక్కన అన్నాను. చెప్పాక గుర్తొచ్చింది. ఉత్తరపు గోడకు మధ్యాహ్నమంతా ఎండ. పైగా అది సందు లేకుండా సిమెంటు వేసిన గోడ. ఆ బావిలో ప్రతి రాయీ ఆమెకు తెలుసు. హనుమక్క కొంతసేపు నన్నే చూసింది. తర్వాత నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, గోళ్ళలో మట్టి ఉందో లేదో చూస్తున్నట్టు వేళ్ళు తడిమింది.

"మంచిది పాప" అంది. ఆగి ఊపిరి తీసుకుంది. "ఇంగ నిజంగా మొలిచిన పొద్దు, చెప్పేకి ఎవరి దగ్గరికీ ఉరకొద్దు. ఆడనే కొంచేపు కూర్చో."

మూడు వారాలకు ఆమె పోయింది. నేను చెప్పిన అబద్ధం ఆమెకు తెలుసని నాకు తెలుసు. దాన్ని క్షమించమని అడగడానికి కూడా ధైర్యం చాలలేదు. ఇటుకలు కడిగింది తెలియక చేసిన పని. ఇది తెలిసి చేసింది. ఆమె నాకు నేర్పింది ఒకటే, ఏదైనా దాని సమయానికి దాన్ని రానివ్వడం. చివరి రోజుల్లో ఆమెకు ఇవ్వాల్సిన ఒక్క నిజాన్నీ నేను తొందరపడి ముందే కోసేశాను.

ఇప్పుడు నేను పెళ్ళి చేసుకుని హిందూపురంలో ఉంటున్నాను. పాత బావులు, పాత గోడలు బాగుచేసేవాళ్ళు పిలిస్తే పోయి, ఏది పీకాలో ఏది వదలాలో చెబుతాను. నన్ను చూస్తే మేస్త్రీలకు చిరాకు. లేపాక్షి దగ్గర ఒకాయన, "మేడం వస్తే పని ఆగిపోతాది" అన్నాడట. ఆ మాట విని నేను చాలా సంతోషపడ్డాను. పాచి అని ఎవరైనా అంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. మా ఇంటి పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన పట్టిన పచ్చదనాన్ని కూడా అది ఏమిటో తెలిసేదాకా ముట్టుకోను. మా అమ్మ ధర్మవరం నుంచి వచ్చినప్పుడల్లా దాన్ని చూసి తల కొట్టుకుంటుంది.

పోయిన ఏడాది చలికాలంలో ఆదెప్ప ఫోన్ చేశాడు. దక్షిణపు గోడ అడుగున, నీళ్ళకు జానెడు పైన పాచి పట్టింది, మెట్లు జారతాయేమో, బ్లీచింగు చల్లమంటావా అని అడిగాడు. వద్దు, వద్దు, ఎవరినీ దాని జోలికి పోనివ్వకన్నాను. వెళ్ళి చూశాను. పచ్చటి పొర. అది ఉత్త పాచే కావచ్చు. నెలకోసారి వెళ్ళి చూసి వచ్చేదాన్ని, ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎండలకు అది ఎండి నల్లబడింది. ఆశ వదులుకోలేదు, పెట్టుకోలేదు. మొన్న వానలు పడ్డాక వెళ్ళాను. ఆ పొర ఉన్న చోటే, మేము ఏనాడూ చెయ్యి పెట్టని సందులో, రెండు రాళ్ళ మధ్య, నా చిటికెనవేలి గోరంత నెమలాకు నిలబడి ఉంది. నేను అబద్ధం చెప్పిన గోడలో కాదు. కథల్లో అయితే అక్కడే మొలిచేది.

మొదట ఎవరికి చెప్పాలా అని చెయ్యి ఫోను మీదికే పోయింది. తీసుకోలేదు. తడి మెట్టు మీద కూర్చున్నాను. నీళ్ళ మీది వెలుతురు గోడ మీద కదులుతోంది, ఆ చిన్న ఆకు మీదికి వచ్చి, పోయి, మళ్ళీ వస్తోంది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. కొంతసేపటికి పైన రోడ్డు మీద పెనుకొండ బస్సు హారను కొట్టి ఆగడం, ఎక్కేవాళ్ళెవరూ లేకపోవడంతో వెళ్ళిపోవడం వినిపించాయి. ఇంకో బస్సు రెండు గంటల తర్వాత గానీ లేదు. నేను లేవలేదు.